కాటా కదలకపోయినా...

జనవరి ఒకటో తారీఖు పొద్దున ఏ ఊళ్లో చూసినా ఒకటే సందడి. హైదరాబాద్‌ కేబీఆర్‌ పార్కు కానీయండి, విశాఖ బీచ్‌ రోడ్డు కానీయండి, చిన్న ఊళ్లో జూనియర్‌ కాలేజీ గ్రౌండు కానీయండి... కొత్త బూట్లు, కొత్త ట్రాక్‌సూట్లు, కొత్త పట్టుదలలు! గేటు దగ్గర రాగి జావ, మొలకలు అమ్మేవాళ్లకి క్షణం తీరిక ఉండదు. సంక్రాంతికి అరిసెలూ జంతికలూ డబ్బాల్లోకి చేరేసరికి ఆ జనం కాస్త పల్చబడతారు. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందంటారు పెద్దలు. దాంతోపాటే కొత్త వాకర్లూ వెళ్లిపోతారు. చివరికి పాతకాపులే మిగులుతారు.

అలా మానేసినవాళ్లంతా బద్ధకస్తులేం కాదు. నెలా నెలన్నరా తెల్లారకముందే లేచి, చొక్కా తడిసేలా నడిచి, కొండంత ఆశతో కాటా ఎక్కినవాళ్లే. ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదిలీ కదలనట్టు కదులుతుంది. ‘ఇంత కష్టపడితే అరకిలోనా! ఈమాత్రం దానికి నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకు?’ అనిపిస్తుంది. మర్నాడు అలారం మోగినా ముసుగుతన్ని పడుకుంటారు.

ఆ అరకిలో వెనక కథేంటో తెలిస్తే వాళ్లలో చాలామంది మానేసేవాళ్లు కాదేమో!

విజయవాడలో ఓ టీచరమ్మ ఉన్నారు. వయసు నలభై నాలుగు. బరువు 72 కిలోలు. బరువు గురించి ఆవిడకి ఎన్నడూ పెద్ద దిగుల్లేదు. దిగులంతా షుగర్‌ గురించే. వాళ్ల నాన్నకి షుగర్‌ పుండు మానక రెండు కాలివేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఊరంతా కాలినడకన చుట్టొచ్చే మనిషి మంచం దిగడానికి చేతికర్ర వెతుక్కోవడం ఆవిడ కళ్లారా చూశారు. అందుకే రక్తపరీక్షలో పరగడుపు షుగర్‌ వంద లోపు ఉండాల్సింది 114 అని వచ్చేసరికి గుండె జారిపోయింది.

‘ఇంకా షుగర్‌ రాలేదమ్మా. గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వాలో వెనక్కి పంపాలో మీ చేతుల్లోనే ఉంది. రోజూ నడవండి, కాస్త బరువు తగ్గండి’ అన్నారు డాక్టరుగారు.

అలా గుమ్మం ముందు షుగర్‌ను నిలబెట్టుకున్నది ఆవిడ ఒక్కరే కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే లెక్కల ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అయితే, దాని అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది. బరువు సంగతికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది తేలారు.

మర్నాటి నుంచే నడక మొదలైంది. వారానికి ఆరు రోజులు, రోజుకు ముప్పావుగంట. చేతిలో ఫోను ‘ఇవాళ 190 కెలోరీలు ఖర్చయ్యాయి’ అని చెబుతుంటే ఆవిడకి ఎంత సంతోషమో! ఆరు వారాలు గడిచాయి. కాటా ఎక్కితే 71.5. అంటే తగ్గింది అరకిలో!

‘అమ్మాయ్‌, నీకెందుకీ తిప్పలు? పొద్దస్తమానం ఇంట్లో తిరిగే తిరుగుడు చాలదా?’ అన్నారు అత్తగారు. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలే ఉంది. అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. బూట్లు తీసి అటకెక్కించబోతుంటే, ఇంటర్‌ చదువుతున్న కూతురు అడ్డుపడింది. ‘ఆగమ్మా, అసలు లెక్క చూద్దాం’ అంటూ కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంది.

ఆ లెక్కేదో మనమూ చూద్దాం. 72 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ముప్పావుగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 190 కెలోరీలే. ఫోను చెప్పింది అబద్ధం కాదు. కానీ అదే ముప్పావుగంట సోఫాలో కూర్చుని సీరియల్‌ చూసినా ఒంటికి 55 కెలోరీల దాకా కావాలి. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి కదా! అది తీసేస్తే నడక వల్ల అదనంగా ఖర్చయింది 135. ఇక ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కెలోరీలు ఖర్చు కావాలని మోటు లెక్క. రోజుకు 135 చొప్పున అయితే 57 రోజులు. ఆరు వారాల్లో ఆవిడ నడిచింది 36 రోజులు. అంటే 4,860 కెలోరీలు, ఆరువందల గ్రాముల పైచిలుకు. కాటా ఆవిడని మోసం చేయలేదు, నడిచినదానికి సరిపడా లెక్కే చెప్పింది. ఆవిడ ఆశే కాస్త ఎక్కువైంది.

మరి 135 కెలోరీలంటే వంటింట్లో ఎంత? గ్రాము నూనెకి 9 కెలోరీలు. అంటే 15 గ్రాములు, మూడు చిన్న చెంచాల నూనె. వంకాయ వేపుడు మూకుట్లో చెయ్యి కాస్త జారితే పడేది అంతకన్నా ఎక్కువే!

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. ఇంట్లో నలుగురు. నెలకు ఐదు లీటరు ప్యాకెట్ల నూనె అయిపోతోంది. ఒక్కో ప్యాకెట్‌ 910 గ్రాములు. దాన్ని మూడు ప్యాకెట్లకు తగ్గిస్తే మనిషికి రోజుకు 136 కెలోరీలు తగ్గుతాయని తేల్చింది. సరిగ్గా వాళ్లమ్మ ముప్పావుగంట నడకంత! అదీ ఒక్కరికి కాదు, ఇంట్లో నలుగురికీనూ.

అలాగని నడక దండగా? అక్కడే చాలామంది పొరపడుతున్నారు.

మన ఒళ్లు జమాఖర్చుల్లో గట్టి ఇల్లాలి లాంటిది. నెల జీతం ఇంతే అని తెలిసినప్పుడు, ఓ పెళ్లి ఖర్చు వచ్చిపడితే ఏం చేస్తుంది? సినిమా మానిపిస్తుంది, కొత్త చీర వాయిదా వేస్తుంది. ఒళ్లూ అంతే. టాంజానియాలో హద్జా అనే తెగవాళ్లు నేటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతారు. రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. హెర్మన్‌ పాంట్‌జర్‌ అనే శాస్త్రవేత్త బృందం వాళ్లు రోజుకు ఎన్ని కెలోరీలు ఖర్చు చేస్తారో కొలిచి 2012లో ప్రకటించింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆ ఖర్చు కుర్చీల్లో కూర్చుని పనిచేసే అమెరికా వాళ్ల ఖర్చుకి దాదాపు సమానంగా వచ్చింది! కష్టం పెరిగేకొద్దీ ఒళ్లు మరోచోట పొదుపు చేసుకుంటుందన్నది ఆయన వాదన.

మరీ కఠినంగా కడుపు మాడ్చుకుంటే ఈ పొదుపు ఇంకా ముదురుతుంది. అమెరికాలో ‘ద బిగ్గెస్ట్‌ లూజర్‌’ అనే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన ఆ మనుషులు, 41 కిలోలు తిరిగి పెరిగారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చుచేసే శక్తి, ఉండాల్సినదానికన్నా రోజుకు 500 కెలోరీలు తక్కువగా ఉంది. గోడల మీద ‘నెలలో పది కిలోలు’ అని రాసే ప్రకటనలు ఈ రెండో భాగం చెప్పవు. ఆకలి తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన మార్కెట్లోకీ వచ్చాయి. డాక్టరు సలహాతో అవసరమైనవాళ్లకి అవి మేలే చేస్తాయి. కానీ ఆపేస్తే చాలామందిలో బరువు మళ్లీ వస్తుంది. పైగా కొవ్వుతోపాటు కండా కొంత తగ్గుతుంది. ఆ కండని కాపాడేది మళ్లీ వ్యాయామమే.

సరే, నడక బరువు పెద్దగా తగ్గించనప్పుడు చేసే మేలేంటి? జవాబు లండన్‌ బస్సుల్లో దొరికింది.

ఒకప్పుడు హైదరాబాద్‌లో తిరిగినట్టే లండన్‌లోనూ రెండంతస్తుల ఎర్ర బస్సులు తిరిగేవి. డ్రైవరు రోజంతా సీట్లోనే. కండక్టరు టికెట్ల కోసం రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగేవాడు. జెర్రీ మోరిస్‌ అనే డాక్టరు ఈ ఇద్దరి ఆరోగ్యాల్నీ పోల్చి 1953లో ప్రకటించారు. డ్రైవర్ల కన్నా కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ! ‘డ్రైవర్లు లావుగా ఉంటారు కాబట్టేమో’ అన్నారు కొందరు. మోరిస్‌ వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించారు. డ్రైవర్ల నడుములు పెద్దవే. కానీ సన్నటి కండక్టరైనా, పొట్ట ఉన్న కండక్టరైనా అదే రకం డ్రైవరు కన్నా మెరుగ్గానే ఉన్నారని తేలింది. అంటే మెట్లు చేసిన మేలు, బరువుతో సంబంధం లేకుండానే జరిగింది. అన్నట్టు, వ్యాయామాన్ని తానూ వదలని ఆ డాక్టరుగారు 2009లో పోయేనాటికి తొంభై తొమ్మిదేళ్లు దాటాయి.

అదంతా సీమదేశపు గొడవ, మనకేంటి అనుకోనక్కర్లేదు. మన పక్కనే చెన్నైలో డాక్టర్‌ ఎ.రామచంద్రన్‌ బృందం 531 మందిపై చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. వాళ్లంతా మన టీచరమ్మలాగే షుగర్‌ను గుమ్మం దగ్గర నిలబెట్టుకున్నవాళ్లు. మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్లలో మూడేళ్లకి నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. రోజూ అరగంట చురుగ్గా నడుస్తూ తిండి మార్చుకున్నవాళ్లలో 39 మందికే వచ్చింది. విచిత్రం ఏంటంటే, ఈ రెండో జట్టువాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు! కాటా చూసి మానేసి ఉంటే నూటికి ఆ పదహారు మంది ఏమయ్యేవాళ్లు?

బరువు కూడా తగ్గితే ఫలితం ఇంకా బాగుంటుంది. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో వారానికి 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకి మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. 72 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదు కిలోలు. సినిమా హీరోయిన్‌లా కానక్కర్లేదు, ఐదు కిలోలు చాలు.

కాటాకి కనపడకుండా లోపల జరిగేది ఏంటంటే... కాళ్లు కదిలినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరని ఇన్సులిన్‌ కోసం ఎదురుచూడకుండానే లాక్కుంటాయి. అందుకే భోంచేశాక పదిపదిహేను నిమిషాలు నడిచినా చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. బరువు తగ్గకపోయినా కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు కరుగుతుంది. మనవాళ్లకి ఇది మరీ ముఖ్యం. మనం చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు దాచుకునే జాతి. పుణెకి చెందిన డాక్టర్‌ యాజ్ఞిక్‌, బ్రిటన్‌ డాక్టర్‌ యుడ్కిన్‌ల ఫొటో ఒకటి 2004లో ‘లాన్సెట్‌’ పత్రికలో వచ్చింది. ఇద్దరి ఎత్తుకి తగ్గ బరువు సూచీ 22.3. అచ్చుగుద్దినట్టు ఒకటే! కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అందుకే మనకి కాటా కన్నా దర్జీ టేపు నమ్మకమైన సాక్షి. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోమంటారు డాక్టర్లు.

ఇంతకీ టీచరమ్మ బూట్లు అటకెక్కలేదు. నూనె ప్యాకెట్లు మూడున్నరకి దిగాయి. మూడు అనుకున్నారు గానీ పండగలూ చుట్టాలూ ఊరుకోవు కదా! వేపుళ్లు తగ్గి పులుసులు, పప్పుకూరలు పెరిగాయి. మొదట్లో ‘ఇదేం వంట, పథ్యం కూడా!’ అని సణిగిన అత్తగారు, తన మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించడంతో సాయంత్రం కోడలితోపాటు వీధి చివరి దాకా అడుగులేయడం మొదలెట్టారు. ఆరు నెలలకి ఆవిడ బరువు 69.5. నడుం టేపు మీద ఐదు సెంటీమీటర్లు తగ్గింది. పరగడుపు షుగర్‌ 99. ‘గుమ్మం దిగింది, కానీ వీధిలోనే ఉంది. తలుపు తెరవకండి’ అన్నారు డాక్టరుగారు నవ్వుతూ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా పెద్ద కష్టమైనదేం కాదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పనిచెప్పే కసరత్తు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి చేతులు ఆనించి వంగి లేవడం, ఇసక నింపిన నీళ్ల సీసాలు ఎత్తడం... ఇవన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు. బరువు తగ్గించే పని ఎక్కువగా కంచానిది. ఆయుష్షును కాపాడే పని కాళ్లది. ఎవరి పని వాళ్లకి అప్పగిస్తే ఇద్దరిమీదా నిష్ఠూరం ఉండదు.

చుట్టాల్లోనో ఇరుగుపొరుగులోనో ఎవరైనా కొత్తగా నడక మొదలెడితే మనం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది... ‘ఎన్ని కిలోలు తగ్గావ్‌?’ సరదాకి అడిగే ఆ ఒక్క ప్రశ్నే ఎంతోమంది బూట్లని అటకెక్కించింది. ఈసారి నుంచి దాన్ని కాస్త మార్చి, ‘ఎన్నాళ్ల నుంచి నడుస్తున్నావ్‌?’ అని అడిగి చూడండి. వీలైతే, ‘రేపు నేనూ వస్తాను’ అనండి!