మూడు మడతల కాగితం

2009లో నా ఉద్యోగం పోయింది. ఆ ఏడాది న్యూజెర్సీలో అదేమంత విశేషం కాదు. మా వీధిలోనే నాకు తోడు మరో ఇద్దరున్నారు. అప్పటిదాకా తెలిసినవాళ్ళకి బేస్‌మెంట్‌లో జాకెట్లు కుట్టిపెట్టే మా ఆవిడ, ఎడిసన్‌లో ఓ చిన్న గది అద్దెకు తీసుకుని షాపు పెడతానంది. "బ్రోషర్ సంగతి నాకొదిలెయ్" అన్నాను ఘనంగా. పదిహేనేళ్ళు ప్రోగ్రాములు రాసినవాడికి ఒక కాగితం ఏపాటి?

ఎనిమిదిన్నర అంగుళాలు, పదకొండు అంగుళాల కాగితాన్ని మూడుగా మడిస్తే ఆరు ముఖాలొస్తాయి. ఆరింటినీ నింపేశాను. అట్ట మీద మైసూరు ప్యాలెస్. లోపల మా ఆశయాలు, 23 రకాల సేవలు, "అనుభవజ్ఞులైన మా బృందం". ఓ పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు. 2,000 కాపీలకి 600 డాలర్లయింది. జీతం లేని ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఓక్ ట్రీ రోడ్డు మీది కిరాణా కొట్లలోనూ, గుళ్ళోనూ పెట్టొచ్చాను. నెలరోజుల్లో మూడు ఫోన్లొచ్చాయి. అందులో ఒకటి ప్రింటర్‌ది, ఇంకా కాపీలు కావాలా అని.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. తెనాలిలో ముప్పై ఏళ్ళు కంపోజిటర్‌గా సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. కాగితం చదవకముందే మడతలు విప్పి, మళ్ళీ మడిచి చూశారు.

"లోపలికి పోయే రెక్క వెంట్రుకవాసి తక్కువుండాలిరా. మూడూ సమానంగా పెడితే ఇదిగో, ఇలా ఎగదన్నుతుంది" అన్నారు. అంగుళంలో పదహారో వంతు తగ్గించాలని ప్రింటర్ కూడా తర్వాత అదే చెప్పాడు.

తెలుగు పక్కకి తిప్పి కళ్ళజోడు సవరించుకున్నారు. నా సాఫ్ట్‌వేర్ ఒత్తులన్నీ ఊడదీసి పక్కన పడేసింది. "మేం ఒత్తు చేత్తో పెట్టేవాళ్ళం" అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత అడిగినదానికే నా దగ్గర జవాబు లేదు. "కోడలి పేరేదిరా ఇందులో?"

మర్చిపోయి కాదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భార్య బట్టలు కుడుతోందని నలుగురూ అనుకుంటారని "కుట్టు" అన్న మాటే రాకుండా జాగ్రత్తపడ్డాను. మా ఆవిడకి ఆ సంగతి మొదటిరోజే తెలిసిపోయిందట. "మీకు నామోషీ అయితే చెప్పండి, మానేస్తాను. నేను మాత్రం నామోషీ పని చెయ్యట్లేదు" అంది, మిషన్ ఆపకుండానే.

మర్నాడు నాన్న నన్ను కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి స్టాండు పక్కన అరగంట నిలబెట్టారు. స్టాండులో పెట్టిన కాగితానికి పై మూడోవంతే కనిపిస్తుంది. మా దాంట్లో కనిపించేది ప్యాలెస్ గోపురం. ఏదో టూర్ల కంపెనీ అనుకుని జనం దాటిపోతున్నారు.

"సినిమా కరపత్రంలో బొమ్మ పేరు, హాలు పేరు, ఎప్పట్నించో పెద్దక్షరాల్లో వేసేవాళ్ళం. కథంతా అందులోనే చెప్పేస్తే హాలుకెందుకొస్తారు?"

ఇంటికొచ్చి, ఫోన్లో జనం ఏమడుగుతారో మా ఆవిణ్ణి అడిగాను. ఎంత? ఎన్నాళ్ళు? ఆది జాకెట్ తేవాలా? అంతే. కొత్త బ్రోషర్‌లో ఆ మూడింటికే జవాబులు రాశాం. అట్ట మీద పైన: "జాకెట్ బిగుతైందా? మూడు రోజుల్లో సరిచేస్తాం." దాని కింద మా ఆవిడ పేరు, మిషన్ మీద ఆవిడ చేతుల ఫొటో. లోపల ధరలు. వెనక షాపుకి దారి. చివర కత్తిరించుకునే ఓ చిన్న ముక్క. అది తెస్తే మొదటి చీరకి ఫాల్ కుట్టడం ఉచితం. ఎవరు కాగితం చూసి వచ్చారో మాకూ తెలుస్తుంది. ఈసారి 500 కాపీలే.

అచ్చుకిచ్చే ముందు నాన్న ప్రూఫు పట్టుకుని, అందులోని నెంబరు ఒక్కో అంకె చూస్తూ ఇంటి ఫోన్లో నొక్కారు. షాపులో మా ఆవిడ ఎత్తింది. "నేనేనమ్మాయ్, నెంబరు సరిపోయింది" అని పెట్టేశారు.

మొదటి నెల 19 ముక్కలు తిరిగొచ్చాయి. షాపు నిలబడింది కాగితం వల్ల కాదు, ఆవిడ పనితనం వల్ల. కాగితం గుమ్మందాకా తీసుకొచ్చిందంతే. నా మొదటి కాగితం ఆ పాటి పని కూడా చెయ్యలేదు, గుమ్మమే దాచేసింది కనక.

తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న ఓ పాతిక బ్రోషర్లు పెట్టెలో సర్దుకున్నారు. "తెనాలి నుంచి ఎడిసన్‌కి ఎవరొస్తారు నాన్నా, జాకెట్ సరిచేయించుకోడానికి?" అన్నాను.

"సరిచేయించుకోడానికి కాదురా. మా కోడలి పేరు అచ్చులో పడిందని చూపించుకోడానికి."