15 వాట్ల చదువు
మా ఎల్లారెడ్డి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. నాన్న దాన్ని పట్టుకొని పొలానికి పోతే చెల్లి కోడింగ్ ఆగిపోయేది. లాప్‌టాప్ కొనే స్తోమత లేదు. అందుకే రాస్‌బెర్రీ పై 4 తెప్పించా. అరచేతిలో పట్టే బోర్డు. కామారెడ్డిలో పాత మానిటర్, కీబోర్డు, మౌస్ దొరికాయి. మానిటర్‌కి వీజీఏనే ఉంది, బోర్డుకేమో మైక్రో హెచ్‌డీఎంఐ. మధ్యలో కన్వర్టర్ పెట్టాం.

దీని చార్జర్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు. అంటే 15 వాట్లు. రోజూ 8 గంటలు వాడినా బోర్డు ఖర్చు నెలకు 4 యూనిట్లు దాటదు, మానిటర్‌ది వేరే. కరెంటు టక్కున పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకే ఇన్వర్టర్ లైనుకే కలిపాం.

లినక్స్ ఉచితం. పైథాన్ రాయడానికి నెట్ కూడా అక్కర్లేదు. ఫోన్ పొలం పోయినా, చెల్లి చదువు ఇంట్లనే ఉంటది.