నాలుగు ముఖాల రాయి

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారంటే చాలామందికి మర్రిచెట్లే గుర్తొస్తాయి. దాదాపు 900 చెట్లు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టేయొద్దంటూ ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ నీడలోంచే వెళ్లినా, నా మనసంతా రాళ్ల మీదే ఉంది. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చూడాల్సిన రాళ్లు రెండున్నాయి.

రెండూ చదరపు స్తంభాలు. ఒకటి గ్రానైటు, ఇంకోటి నల్ల బసాల్టు. ఊరి తూము గోడలో కలిసిపోయి ఉన్న వీటి సంగతి 2023లో బయటి లోకానికి తెలిసింది. చరిత్రకారుడు ఈమని శివనాగిరెడ్డి పరిశీలించి ఇవి 9, 10 శతాబ్దాల నాటి జైన శిల్పాలని చెప్పారు. ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు అనే నలుగురు తీర్థంకరులు దిక్కుకొకరు చొప్పున ధ్యానంలో కూర్చున్నారు. పైన కీర్తిముఖాలు. ఈ రాళ్ల మీద శాసనం కూడా ఉంది; అందులో కనబడే భాగంలో చిలుకూరు జైన బసది (జైనుల గుడి) ప్రస్తావన ఉంది. ఇవాళ బాలాజీ గుడికి ప్రదక్షిణలు చేయడానికి జనం బారులు తీరే చిలుకూరే అది! రాష్ట్రకూటుల కాలంలో, వాళ్ల సామంతులైన వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో అక్కడ జైన మునులు ఉండేవారు. కన్నడ ఆదికవి పంపడు ఆ వేములవాడ కొలువువాడే. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలోనే మన తెలుగు కందపద్యాలు ఉన్నాయి.

తూము కట్టినవాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్లకు కావలసింది నీళ్లను ఆపే గట్టి రాయి. కానీ ఇలాంటి శిల్పాన్ని చెక్కిందే చుట్టూ తిరిగి చూడడానికి. గోడకు అప్పగిస్తే సగం శిల్పమే మిగులుతుంది.

తిరుగు ప్రయాణంలో గచ్చిబౌలి వైపు మళ్లి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోకి వెళ్లాను. 1974లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయానికి అసలు శిల్పి ప్రకృతే. ఎండా వానా చెక్కిన మష్రూమ్ రాక్ ముందు ఎంతసేపు నిలబడ్డానో! సన్నని కాడ మీద అంత బరువైన బండ. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎనికేపల్లి శిల్పి ఉలి పెట్టిన రెండు రాళ్లలో ఒకటి ఈ జాతిదే. ఈ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళల విభాగంలోనే చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ పాఠాలు చెప్పారు. మెదక్ పల్లె మనుషుల్ని, మేకల్ని గీతల్లోకి తెచ్చిన ఆయన లాంటి గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లకు రాయి విలువ వేరే చెప్పాలా?

పటాన్‌చెరు జైన విగ్రహాలు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అవి అలా ఉన్నందుకు సంతోషమే. ఎనికేపల్లి స్తంభాలు మాత్రం నగరానికి తరలిపోకూడదని నా కోరిక. మొయినాబాద్ చుట్టూ కాలేజీ ప్రాంగణాలకు కొదవలేదు. ఊరివాళ్లు ఒప్పుకుంటే వాటిలో ఒకచోట, లేదంటే ఊళ్లోనే, ఎత్తైన పీఠం కట్టి, పైన చిన్న కప్పు వేసి, శాసన పాఠం తెలుగులో రాయించి నిలబెట్టాలి. నాలుగు వైపులా మనిషి నడిచేంత జాగా వదలాలి.