ఆడవేషం కావలెను

"పెద్దమ్మా, చీర కట్టుకునే మగవాళ్ళెవరైనా నీకు తెలుసా?"

పులుసులోకి మామిడికాయ తరుగుతున్నదాన్ని, కత్తిపీట మీదనుంచి చెయ్యి తీసి తలెత్తాను. హాల్లో మావారి మొహానికి అడ్డంగా ఉన్న పేపరు కాస్త కిందికి దిగింది. అడిగింది మా చెల్లెలి కూతురు. నెల్లూరులో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. మా రోజుల్లో చదువంటే బి.ఏ. అనో బి.కాం. అనో చెప్పేవాళ్ళం. దీని చదువు పేరు నాకు నోరు తిరగదు. ఎవరైనా అడిగితే "టీవీ చదువు" అని చెప్పి తప్పించుకుంటాను.

సంగతేమిటంటే, వీళ్ళ క్లాసులో నలుగురు కలిసి కాలేజీ టీవీ కోసం అరగంట కార్యక్రమం తీయాలట. కెమెరా పట్టుకునేదీ వీళ్ళే, మాట్లాడేదీ వీళ్ళే. తలా ఒక ముక్క పంచుకున్నారు. మా పిల్ల వంతుకు ఆడవేషం వేసే మగవాడు వచ్చాడు. అన్నీ కుదిరాయి, మనిషే కుదరలేదు. గడువు పదిరోజులు.

"మీ క్లాసులో మగపిల్లలు లేరుటే?" అన్నాను.

ఉన్నారు. ఇద్దరు ససేమిరా అన్నారట. ఒకసారి ఫోన్లోకి ఎక్కితే జన్మంతా ఏడిపిస్తారని వాళ్ళ భయం. మూడోవాడు మంచివాడు, ఒప్పుకుని మా ఇంటికే వచ్చాడు. నా వెంకటగిరి చీర కట్టాను. కుచ్చిళ్ళు నేనే పోశాను, పిన్నులు నేనే గుచ్చాను. హాల్లో నాలుగడుగులు వేశాడు. గుడి బయట చెప్పులు పోయినవాడు వెతుక్కుంటూ తిరుగుతున్నట్టుంది ఆ నడక. అందరం పడి పడి నవ్వాం. మావారైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వులు ఆగాక మా పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఇదే ఏడు నిమిషాలు చూపించాలంటే కష్టం పెద్దమ్మా" అంది.

అదండీ సంగతి. దాని మనసులో ఉన్నది టీవీ హాస్యాల్లో కనిపించే ఆడవేషం. ఎదురుగా ఉన్నవాడు ఒకటి తగిలిస్తే విగ్గు ఊడి పడుతుందే, అది. తప్పు దానిది కాదు. పుట్టినప్పట్నుంచీ చూసింది అదే.

సరే, కూర్చోబెట్టి నాకు తెలిసింది చెప్పాను. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తులాభారంలో సత్యభామగా, కన్యాశుల్కంలో మధురవాణిగా వేస్తే చూడడానికి బళ్ళు కట్టుకుని వెళ్ళేవారని మా నాన్నగారు చెప్పేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు జీవితమంతా సత్యభామే. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. 2012లో పోయారు. ఆ ఊళ్ళో పుట్టిన మగపిల్లవాడు ఒక్కసారైనా భామవేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నారని చెప్పుకుంటారు. మన దగ్గరే కాదు, షేక్‌స్పియర్ నాటకాల్లో ఆడవేషాలన్నీ ఆయన కాలంలో మగపిల్లలే వేశారు. జపానువాళ్ళు 1629లో ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కనివ్వకుండా చేసి, ఆ వేషాలు మగవాళ్ళకు అప్పగించారు.

"అంటే ఆడవాళ్ళను రానివ్వలేదు కాబట్టి వీళ్ళు వేశారన్నమాట" అంది మా పిల్ల, చురుగ్గా.

కాదనలేకపోయాను. రానివ్వకపోవడం వల్లే. సురభివారు మాత్రం 1885లో మొదలైనవాళ్ళు, వాళ్ళింటి ఆడవాళ్ళు తొలినాళ్ళలోనే వేషాలు కట్టారు. బళ్ళారి రాఘవగారు ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగం మీదికి తెచ్చారు. అది న్యాయమే. కాని ఆ న్యాయం వచ్చేలోగా మనల్ని చూసి చూసి మనలాగే నిలబడడం నేర్చుకున్న మగవాళ్ళు కొందరున్నారు. వాళ్ళది వెక్కిరింత కాదని చెప్పాలనిపించింది. చెబుతూ చెబుతూ ఉండగా మా ఊరి చంద్రమతి గుర్తొచ్చాడు.

మా ఊరు ఇందుకూరుపేట దాటాక మైపాడు వైపు. ఇప్పుడు ఎటు చూసినా రొయ్యల గుంటలు గాని, నా చిన్నప్పుడు ఇసుక దిబ్బలూ, సర్వితోపులూ, అర్ధరాత్రి నిశ్శబ్దంలో సముద్రం హోరూను. శివరాత్రికి తప్పకుండా బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర వేసేవారు. నెల్లూరు నుంచి డబ్బిచ్చి నటీమణులను పిలిపించే ఊళ్ళు అప్పటికే ఉన్నాయి. మా ఊరికి అంత స్తోమత లేదు. చంద్రమతి వేషం ఊళ్ళో రైతే కట్టేవాడు. రెండెకరాల మనిషి. పొద్దున మడక దున్ని, రాత్రికి రాణి అయ్యేవాడు. లోహితాస్యుణ్ణి ఒళ్ళో వేసుకుని ఆయన కూర్చుంటే మా నాయనమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. మర్నాడు హరిశ్చంద్రుడు వేసినాయన మజ్జిగకొస్తే, "పెళ్ళాన్ని అమ్ముకున్నోడికి మా ఇంట్లో మజ్జిగ లేదు, పో" అని నిజంగానే పంపించేసింది. చంద్రమతికి మాత్రం చెంబు నిండా పోసి, పైన మాగాయ ముక్క.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అది మా పిల్లకు చెప్పలేదు.

ఆయన కూతురు నా క్లాసే. మా నాన్నగారు ఆ బళ్ళో అయ్యవారు, అంచేత బళ్ళో నేనొక చిన్న మహారాణిని. నాటకమైన మర్నాడు ఆ పిల్ల బడికి రాగానే, "మీ నాయనకు కమ్మలు చేయించారా? మీ అమ్మవా, నాయనవా అవి?" అని అడిగాను. అందరూ నవ్వారు. నవ్వించగలిగానని గర్వంగా కూడా అనిపించింది. అంతే. వారం రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. తర్వాత వచ్చింది గాని, ఎక్కడో వెనక బెంచీలో కూర్చునేది.

ఊళ్ళో ఉన్న మా అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఉండాడమ్మా, ఎనభై దాటినయ్. కూతురింట్లోనే ఉండాడు. వేషం మానేసి నలభై ఏళ్ళు పైబడింది" అన్నాడు. ఎందుకు మానేశాడంటే, ఆ కూతురి సంబంధం దగ్గర మగపెళ్ళివారు షరతు పెట్టారట, మామగారు ఆడవేషం కట్టకూడదని. ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడట.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మా పిల్లా, కెమెరా పట్టే ఇంకో పిల్లా, నేనూ, సంచిలో నా వెంకటగిరి చీర.

తలుపు తీసింది కూతురే. జుట్టు నెరిసింది, కళ్ళు అవే. నన్ను ఒక నిమిషం చూసి, "అయ్యోరి పాపవు గదా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వచ్చిన పని విన్నాక ఆ చెయ్యి మెల్లగా వదిలేసింది. "దేనికమ్మా? ఎగతాళికా?" అంది.

నేను మా పిల్ల వంక చూశాను. నిజం చెప్పాలంటే పది రోజుల కింద అయితే అవును, ఎగతాళికే. మా పిల్ల కాసేపు ఆగి, "నవ్వించాలనే మొదలుపెట్టామండీ. ఇప్పుడు మాకే తెలీడం లేదు. తాతగారు ఏం చేస్తే అదే తీస్తాం" అంది.

నులకమంచం మీద కూర్చున్న ముసలాయన అప్పటిదాకా మాట్లాడలేదు. "నవ్వేదానికైతే నేను చెయ్యలేను పాపా. నాకు చేత కాదు. ఏదీ, ఆ చీర చూపించు" అన్నాడు. వెంకటగిరి చీర వేళ్ళ మధ్య నలిపి చూసి, "మంచి నేత. అయితే ఇది చంద్రమతిది కాదు. రాణిగా ఉన్నప్పుడు కట్టుంటే కట్టుండొచ్చు. అమ్ముడుపోయినాక ఇట్టాంటిది యాడ్నించి వస్తది?" అన్నాడు.

మేం మొహమొహాలు చూసుకుంటూ ఉండగా కూతురు లేచి లోపలికెళ్ళింది. పాత నూలు చీర, అంచు వెలిసిపోయింది, తనదే, తెచ్చి మంచం మీద పెట్టింది. ఏమీ అనలేదు. ముసలాయన కూతురి మొహంలోకి చూశాడు. ఆయనా ఏమీ అనలేదు.

రంగు లేదు, విగ్గు లేదు. పంచె మీదనే చీర చుట్టుకుని, చెంగు తలమీదికి లాక్కున్నాడు. వేపచెట్టు కింద కూర్చుని, తలగడ ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. పద్యం ఎత్తుకుంటాడేమో అనుకున్నాం. గొంతు లేదన్నాడు. తలగడకు ఒక కొస వైపు నుదుటి మీద జుట్టు సవరించాడు. మళ్ళీ సవరించాడు. చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టినట్టు పెట్టాడు. కాళ్ళకంటిన మట్టి చెంగుతో తుడిచాడు. అంతే. ఏడుపు లేదు. కెమెరా పట్టుకున్న పిల్ల చెయ్యి వణికిందట, అక్కడ బొమ్మ కదిలింది కూడా.

తర్వాత మా పిల్ల అడిగింది, ఇదెక్కడ నేర్చుకున్నారు తాతా అని.

"మాయమ్మ దగ్గర. నాకు ఏడేళ్ళప్పుడు మా తమ్ముడు జొరం తగిలి పోయినాడు. అందరూ ఏడస్తా ఉంటే మాయమ్మ ఏడవలా. వాడి తల సవరిస్తానే ఉండింది, బడికి పంపేదానికి మల్లే. నేను గోడకానుకొని చూస్తా ఉండా. వేషం కట్టిన మొదటి రోజు చేతులు వాటంతటవే అట్నే పోయినాయి. ఏడుపు నేను పెట్టలా పాపా, ఎదురుగా కూర్చున్న ఆడోళ్ళే పెట్టుకొనేవాళ్ళు."

మా నాయనమ్మకు ఆరుగురు పుడితే ఇద్దరే దక్కారు. ఆ చెంగు ఎందుకు నోట్లో కుక్కుకునేదో నాకిన్నాళ్ళకు తెలిసింది.

కాఫీ తాగుతుంటే కూతురు చెప్పింది. ఇంట్లో ఒక్కటే మంచి చీర ఉండేదట. నాటకం రోజు అది నాయన కట్టుకుపోతే, అమ్మ పాత చీరతో వెనక వరసలో కూర్చునేదట. "అమ్మకు కోపం రాలా. 'నాకంటే ఆయనకే బాగుంటదే' అనేది" అంటూ నవ్వింది.

బయల్దేరే ముందు పెరట్లో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు గొంతు సవరించుకున్నాను. "చిన్నప్పుడు బళ్ళో నేనొక మాట..."

పూర్తి కానివ్వలేదు. "కమ్మల మాటా? అది నువ్వు గాదులే. నీ పక్కన కూర్చునే పిల్ల" అంది. అని నా సంచిలో మునక్కాయలు కుక్కింది.

ఆ శుక్రవారం కాలేజీ హాల్లో కార్యక్రమం వేశారు. తల్లిదండ్రుల్ని రమ్మంటే మేమూ వెళ్ళాం. చీరలో ముసలాయన కనిపించగానే వెనక వరసల్లో కుర్రాళ్ళు ఈల వేశారు. తలగడ జుట్టు రెండోసారి సవరించేటప్పటికి ఈలలు లేవు. మావారు మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయ్యాక, "ఇంకొంచెం సరదాగా ఉంటే బాగుండేది" అన్నవాళ్ళూ ఉన్నారు. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. మా పిల్ల పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఆ ఏడు నిమిషాలూ ఫోన్లో ఊరికి పంపించింది. ముసలాయన మూడుసార్లు చూసి, "చెంగు ఎడమ పక్క జారింది" అని తప్పు పట్టాడట. కూతురు తన అత్తవారి వైపు వాళ్ళందరికీ పంపిందట.

ఆ రోజు తిరిగివస్తూ బస్సులో మా పిల్ల అడిగింది, "నీ పక్కన కూర్చునే ఆ పిల్ల ఎవరు పెద్దమ్మా?" అని. పెరట్లో మాట దాని చెవిన పడినట్టుంది.

"గుర్తులేదే" అన్నాను.

దానికీ చెప్పలేదు, ఆమెకూ చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. ఆ పిల్ల పక్కన బెంచీలో కూర్చునేదాన్ని నేనే. మునక్కాయలు వండుకుని తిన్నాం, మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. వచ్చే శివరాత్రికి ఊరెళుతున్నాను. ఈసారి ఆమె అడ్డం వచ్చినా ఆగకుండా చెప్పెయ్యాలి.