ఆ ఇంటి ఆడవాళ్లు

ఉత్తరాంధ్రలో క్యాన్సర్ వైద్యం చేసేవాడు నోరు తెరిపించగానే ముందు అంగిలి చూస్తాడు. దేశంలో మిగతాచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలా, చిగుళ్ల పక్కనా, నాలుక అంచునా వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి వచ్చే పెద్ద వయసు ఆడవాళ్లలో గట్టి అంగిలి మీద వస్తుంది. కారణం అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. ఆ వేడి, ఆ పొగ సూటిగా అంగిలికే తగులుతాయి. మొదట అంగిలి తెల్లబడి మందమవుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉండి, కొందరిలో పుండు పడుతుంది.

ఎందుకు మొదలుపెట్టావమ్మా అని అడిగితే గాలికి నిప్పు ఆరదని ఒకరంటారు, చంకలో బిడ్డ మీద నుసి రాలదని ఇంకొకరంటారు. ఇంకాస్త కదిపితే అందరిదీ ఒకటే జవాబు: మా అమ్మ తాగేది. చిన్నప్పుడు పొయ్యిలో చుట్ట ముట్టించి తెమ్మని తల్లి పంపితే, తెచ్చే దారిలో ఆరిపోకుండా రెండు దమ్ములు లాగిన పిల్లే పెద్దయ్యాక నా ముందు నోరు తెరిచి కూర్చుంటుంది. తల్లి నుంచి కూతురికి వచ్చిన ఈ అలవాటును ఆసుపత్రి గోడ మీది పోస్టరు ఆపగలదని నాకు నమ్మకం లేదు. ఆపగలిగేది కూడా అదే దారిన, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి, ఒక ఆడమనిషి నుంచి మరొకరికి రావాలి. అలా రావడం నేను ఒక కుటుంబంలో చూశాను.

ఊళ్లో అందరూ ఆమెను అప్ప అంటారు, నేనూ అప్పా అనే పిలుస్తాను. ఆమె మామ్మ అంగిలి పుండుతో పోయింది. పుండు కుళ్లి వాసన వేస్తుంటే మంచం పశువుల సావిట్లోకి మార్చారట. అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేవారట. అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు, అంటే అప్ప తల్లి, ఒక్కర్తే లోపలికి వెళ్లి, ఉప్పునీళ్లతో పుండు కడిగి, తల దువ్వి, పక్కనే చాప వేసుకుని పడుకునేది. అత్త పోయాక ఆ వీధిలో ఎవరికి అలాంటి పుండు పడినా ఈవిణ్ణే పిలవడం మొదలైంది. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఏ సంస్థా చేర్చుకోలేదు. అప్ప చిన్నతనమంతా తల్లి వెనకాల కాచిన నీళ్ల చెంబు పట్టుకుని నడవడంతోనే గడిచింది.

కుళ్లిన పుండు వాసనకు ఇవాళ మందు ఉంది. శుభ్రం చేసిన పుండు మీద మెట్రోనిడజోల్ బిళ్లలు పొడి చేసి చల్లితే కొద్దిరోజుల్లోనే వాసన తగ్గుతుంది. చాలా చవకైన బిళ్ల. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు అప్ప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మామ్మని సావిట్లో ఎయ్యక్కర్లేకపోను గదా బాబూ" అంది. ఆ రోజు నుంచి ఆమె సంచిలో ఆ బిళ్లలు ఎప్పుడూ ఉంటాయి.

నొప్పి తగ్గించే మార్ఫిన్ సంగతి ఇంకా పెద్దది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత, అనుమతుల చిక్కుకూ కేసుల భయానికీ చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. గసగసాల పంట పండించి ప్రపంచానికి నల్లమందు అమ్మిన దేశంలో మన రోగులు నొప్పితో అరుస్తూ పోయారు. 2014లో చట్టాన్ని సవరించాక దారి కొంత సులువైంది. అయినా ఊళ్లోకి వెళ్లేసరికి అది ఇప్పటికీ "మత్తుబిళ్ల"యే. ఒక ఇంట్లో కొడుకు ఆ బిళ్లలను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. తల్లి గట్టిగా ఏడిస్తేనే ఒకటి తీసి ఇచ్చేవాడు. అతనిది చెడ్డ మనసు కాదు, అమ్మకు అలవాటైపోతుందని భయం. నేను ఫోనులో ఎంత చెప్పినా ఊఁ అన్నాడే తప్ప తాళం తియ్యలేదు. అప్ప వెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకుంది. నాలుగు గంటలకోసారి బిళ్ల వేసి, నొప్పి వచ్చాక కాదు, రాకముందే వెయ్యాలని చూపించింది. మలబద్ధకానికి రాసిన మందు కూడా మానొద్దని చెప్పింది. తెల్లవారేసరికి ఆ తల్లి లేచి కూర్చుని టీ అడిగింది. తాళంచెవి కోడలి చేతికొచ్చింది.

వైద్యం మధ్యలో మానేసేవాళ్ల విషయంలోనూ అంతే. రేడియేషన్‌ను మావైపు కరెంటు పెట్టడం అంటారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. రెండు మూడు వారాలయ్యేసరికి నోరంతా పూస్తుంది. ఒక ఆటోడ్రైవరు అక్కడే ఆగిపోయాడు. కరెంటు తనను లోపల కాల్చేస్తోందని అతని నమ్మకం. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే కారం, చింతపండు పులుసు వండుతున్నారు. మా రికార్డులో అతని పేరు పక్కన "రాలేదు" అన్న ఒక్క మాటే ఉంది. ఎందుకు రాలేదో పొయ్యి దగ్గర కూర్చున్న అప్పకు తెలిసింది. చల్లార్చిన రాగిజావ, మెత్తటి పెరుగన్నం, ఉప్పు సోడా నీళ్లతో పుక్కిలింత. మర్నాడు బస్సులో పక్కన కూర్చుని తీసుకొచ్చింది. అతను మిగిలిన కరెంటంతా పెట్టించుకున్నాడు.

సొంత ఇంటి చావులోంచి ఆసుపత్రి పుట్టిన కథ మనకు పొరుగునే ఉంది. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖం డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారిని వదల్లేదు. ఆమె పట్టుదలతోనే 1954లో పన్నెండు పడకలతో మద్రాసు అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి జీవితమంతా దానికే ఇచ్చారు. మరుసటి ఏడు వచ్చి చేరిన డాక్టర్ శాంత రక్తసంబంధీకురాలు కాకపోయినా, 2021లో కన్నుమూసే వరకు ఆ ప్రాంగణాన్నే ఇల్లు చేసుకున్నారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎందరో మనవాళ్లు అక్కడికే వెళ్లేవారు. కేరళలో 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్‌కుమార్ మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్, అంటే నయంకాని రోగుల నొప్పి తగ్గించి చూసుకునే పని, తర్వాత ఇరుగుపొరుగుల చేతికి వెళ్లింది. అక్కడ వాలంటీరు ఒంటరి కాదు. వెనక నర్సు ఉంటుంది, డాక్టరు ఉంటాడు, మార్ఫిన్ ఉంటుంది. అప్ప లాంటివాళ్లను సన్మానసభకు పిలిచి, శాలువా కప్పి, బస్సు చార్జీ ఎవరిస్తున్నారని అడగకుండా పంపించెయ్యడం నాకు బాధగా ఉంటుంది. వాళ్లు అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తే డాక్టరు కావాలి. అప్పుడే ఆ గౌరవానికి అర్థం.

అప్ప కూతురు డిగ్రీ చదువుతోంది. పుండు చూస్తే ఆ పిల్లకు కడుపులో తిప్పుతుంది. ఈ పని తనవల్ల కాదని తల్లికి సూటిగా చెప్పేసింది. అప్ప చాలా నొచ్చుకుంది, నా దగ్గరకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లను బలవంతపెట్టొద్దనే నేను చెప్పాను. అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది కాబట్టి నువ్వూ చెయ్యాలంటే, చుట్ట చేతికిచ్చినట్టే ఉంటుంది.

కొన్ని నెలలకు ఆ పిల్లే వచ్చింది. "మీరందరూ పుండు పడ్డాకే ఎల్తారు డాక్టరుగారూ, నేను ముందెల్తాను" అంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు నోటి పరీక్ష చెయ్యడం ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. కానీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం వస్తే ముసలమ్మలు నోరు తెరవరు, అడ్డపొగ తాగుతామని ఒప్పుకోరు. ఈ పిల్ల టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని ఏఎన్ఎం వెంట వెళ్తుంది. ముందు తన నోరు తెరిచి అంగిలి చూపిస్తుంది. తర్వాత అద్దంలో వాళ్ల అంగిలి వాళ్లకే చూపిస్తుంది. ఏళ్లుగా చుట్ట తాగుతున్నవాళ్లు తమ అంగిలిని అప్పుడే మొదటిసారి చూసుకుంటారు. ఆ తెలుపు చూసి, చుట్ట అక్కడే పారేసినవాళ్లున్నారు. మర్నాడే మళ్లీ ముట్టించినవాళ్లూ ఉన్నారు.

ఆ పిల్ల అలా చూసి నా దగ్గరకు పంపినవాళ్లలో ఒకామెకు గోరంత పుండు ఉంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది, మెడలో గడ్డలు లేవు. అంగిలిలో కొంత తీసేసి, ఆ ఖాళీని మూసేలా కట్టుడు పలక అమర్చాం. అది పెట్టుకుంటే అన్నం ముక్కులోకి పోదు, మాట ముద్దగా రాదు. చుట్ట మానేసింది. ఆమె కోడలు మాత్రం ఇంకా అడ్డపొగ తాగుతోంది. పోయిన నెల చెకప్‌కు ఆ కోడలే తోడొచ్చింది కానీ, ఎంత బతిమాలినా నాకు నోరు చూపించలేదు. అప్ప కూతురైతే చూపిస్తానంది.