వయస్సుకు నూరు కలుపు లెక్క

గుడియాత్తం పరిసరములలో మగ్గములపై కైలీలు నేయుచు బ్రతుకు మన తెలుగు కుటుంబములలో, ఎవరు నేర్పిరోగాని, ఒక లెక్క పాతుకొనియున్నది: మనిషి వయస్సుకు నూరు కలుపగా వచ్చిన అంకె అతనికి తగిన రక్తపోటట! ఈ లెక్క నమ్మి మాత్రలు మానివేసినవారిని చూచినప్పుడెల్ల నాకు కోపమును దుఃఖమును ఒక్కసారిగ కలుగును.

"నాకు అరవై ఎనిమిదేండ్లు గదా సామీ, నూట అరవై ఆరే వచ్చింది, ఇంకా రెండు తక్కువే" అని, దండచేతి పట్టీ విప్పకమునుపే ఒక వృద్ధుడు తృప్తిగ పలికెను. తలనొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, ఇక మాత్ర యెందుకని ఆయన వాదము. నొప్పి పుట్టింపకయే మెదడును, గుండెను, మూత్రపిండములను చెఱచుట ఈ వ్యాధి స్వభావమని ఎంత చెప్పినను చెవికెక్కలేదు. కొన్ని నెలలకే కుడిచేయి పడిపోయెను. తెగిన పోగును చూడకయే ముడివేయగలిగిన ఆ వ్రేళ్ళు నేడు అన్నమును ముద్దచేసికొనజాలవు.

వయస్సుతో రక్తపోటు మారుట నిజమే. అప్పుడే పుట్టిన శిశువునకు పై అంకె 70 ప్రాంతమున నుండును. బడియీడున 100 దరిదాపులకు వచ్చును. యౌవనమున 120/80 లోపుండుట మేలు. ముదిమిలో పెద్ద ధమనులు ఎండకు బిగిసిన రబ్బరు గొట్టమువలె సాగుగుణము కోల్పోవుటచే పై అంకె పెరుగును, క్రింది అంకె తగ్గును. పలువురికి కలుగుచున్నంతమాత్రమున అది క్షేమమగునా? 80 ఏండ్లు దాటినవారికి సైతము చికిత్స ఆయుస్సు పెంచునని 2008లో వెలువడిన హైవెట్ పరిశోధన తేటపరచినది.

వేఱొక యింటి కోడలు ఏడవ నెలలో ఉబ్బిన పాదములతో వచ్చెను. నడినెలలలో 100/64 ఉన్న పిల్లకు ఆనాడు 146/96. "నాకు నూట యాభై ఉంటేనే పనికి పోతా ఉండా, దీనికి నూట నలభై ఆరు ఒక లెక్కా సామీ?" అని అత్తగారు. గర్భిణికి అయిదవ నెల దాటిన పిమ్మట 140/90 అపాయసూచన, మూర్ఛలకు దారితీయవచ్చును. ఆ సాయంకాలమే రాయవేలూరునకు పంపితిని. నెలలు నిండకమునుపే కాన్పు చేయవలసివచ్చినను తల్లీబిడ్డలు దక్కిరి.

రాయవేలూరు పట్టణమునను, గుడియాత్తం దారిలోని కె.వి. కుప్పం పల్లెలలోను 1969–73 నడుమ పుట్టిన శిశువులు పెరిగి పెద్దవారగువఱకు క్రైస్తవ వైద్య కళాశాలవారు కొలిచి చూచుచు వచ్చిరి. పురిటినాటి తూకము ముప్పది యేండ్ల నాటి ఆరోగ్యముతో ముడిపడియుండుటను అట్టి పరిశీలనములే మనకు నేర్పినవి. కావున నెలలు నిండక పుట్టిన ఆ పాపకు పసితనమునుండియు, గర్భమున పోటు పెరిగిన ఆ తల్లికి ఏటేటను రక్తపోటు కొలిపించుడని చెప్పియున్నాను. వచ్చు నెల వారు రాకున్నచో నేనే కబురు పెట్టెదను.