తులసీదాస్ బలరాం

సికింద్రాబాదు చెంత అమ్ముగూడ యను చిన్న పల్లె యుండెను. అచ్చట 1936వ సంవత్సరమున ఒక నిరుపేద తమిళ కుటుంబమున తులసీదాస్ బలరాం జన్మించెను. బాల్యమునుండియు అతనికి ఫుట్‌బాలు ప్రాణము. కాని ఆటకు తగిన బూట్లు కొనుటకు ఇంట డబ్బు లేదు. పోలీసులు వాడి విడిచిన పాత బూట్ల తోలుతో అతని తొలి బూట్లు కుట్టించిరని చెప్పుదురు.

ఆ కాలమున హైదరాబాదున సయ్యద్ అబ్దుల్ రహీం అను మహనీయు డుండెను. ఆయన తొలుత బడిపంతులు. పిదప భారత జట్టునకే శిక్షకు డయ్యెను. ఒకనాడు ఆయన బలరాం ఆటను చూచి, సాధనకు రమ్మని పిలిచెను. అంత దూరము వచ్చుటకు సైకిలు అద్దె యైనను తనకు లేదని బాలుడు విన్నవించుకొనెను. ఆ రూపాయిని రహీమే యిచ్చెను. ఆ రూపాయి లేనిచో ఆ ప్రతిభ అమ్ముగూడ పొలిమేర దాటి యుండునో, లేదో!

బలరాం ముందువరుస ఆటగాడు. అయినను బంతి తనకడకు వచ్చువరకు వేచియుండువాడు కాడు. వెనుకకు వచ్చి, దానిని తానే తెచ్చుకొని, తోడివానికి సరియైన చోట అందించువాడు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో అతడుండెను. 1960లో రోము నగరమున బలిష్ఠమైన హంగెరీ జట్టుపై గోలు చేసెను. మన జట్టు 2-1 తేడాతో ఓడినను, చూచినవారు మెచ్చుకొనిరి. 1961లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకత్వము వహించెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జపానుపై గోలు చేసెను. ఆ క్రీడల తుదిపోటీలో భారతదేశము దక్షిణ కొరియాను 2-1 తేడాతో జయించి స్వర్ణపతకము గెలుచుకొనెను. ఆ సంవత్సరమే అతనికి అర్జున పురస్కారము లభించెను. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను మువ్వురి పేర్లను జనులు ఒక్క ఊపిరిలో పలుకుచుండిరి.

కాని విధి వేరు తలచెను. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి సోకుటచే, ముప్పది యేండ్లైనను నిండకుండగనే బలరాం ఆట మానవలసి వచ్చెను. ఆ యేడే గురువైన రహీం సయితము కన్నుమూసెను. తరువాత బలరాం బెంగాలు రాష్ట్రములోని ఉత్తరపాడాలో నివసించి, యువకులకు ఆట నేర్పెను. 2023 ఫిబ్రవరి 16న కీర్తిశేషు డయ్యెను.

బాలలారా! జహీరాబాదు వంటి ఊళ్ళలో నేడును వట్టికాళ్ళతో బంతి తన్నుచు పరుగెత్తు బాలు రెందరో కలరు. వారిలో బలరాం ఎవడో ముందుగా ఎవరును చెప్పజాలరు. సాధన చేయుట బాలుని వంతు. ఆ సాధనను గుర్తించి, సైకిలు అద్దె రూపాయిని చేతిలో నుంచుట పెద్దల వంతు. ఈ రెండును కలిసినచోటనే అమ్ముగూడ నుండి రోము వరకు బాట యేర్పడినది.